నేర్పని పాఠానికి నా సంతకం

2022 డిసెంబరు. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఒక మందుల దుకాణం పైన, రెండో అంతస్తులో మా శిక్షణ కేంద్రం ఉండేది. ఒక హాలు, పన్నెండు కుర్చీలు, వెనక గదిలో నాలుగు పాత సర్వర్లు. కిటికీ తీస్తే మెట్రో రైలు చప్పుడు, మూస్తే సర్వర్ల వేడి. పద్నాలుగేళ్లు ఒక కంపెనీలో డేటాబేస్‌లు చూసుకున్నాక ఉద్యోగం మానేసి, ఆ పనే ఇతరులకు నేర్పడం మొదలుపెట్టాను. అప్పటికి నా దగ్గర చాలా బ్యాచ్‌లు నేర్చుకుని వెళ్లాయి. చాలామందికి మంచి ఉద్యోగాలొచ్చాయి. నా పాఠం మీద నాకు బాగానే గర్వం ఉండేది.

ఈ పని తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. ఆసుపత్రి కానీ, బ్యాంకు కానీ, దాని వివరాలన్నీ డేటాబేస్‌లో ఉంటాయి. అది ఒకే సర్వర్ మీద నడుస్తుంటే, ఆ సర్వర్ ఆగిన రోజు పనంతా ఆగిపోతుంది. అందుకని రెండు సర్వర్లు పెట్టి, రెండూ ఒకే డేటాబేస్‌ను నడిపేలా కలుపుతారు. దాన్ని క్లస్టర్ అంటారు. అందులో ఒక్కో సర్వర్ ఒక నోడ్. ఒక నోడ్ పడిపోతే రెండోది పని అందుకుంటుంది. అదీ చాలదని, వేరే చోట ఇంకో సర్వర్‌లో ఎప్పటికప్పుడు అదే డేటా ఉండేలా చూస్తారు. అది స్టాండ్‌బై. ఏం జరిగినా వ్యవస్థ ఆగకూడదు. దాన్నే హై అవైలబిలిటీ అంటారు.

ప్రతి బ్యాచ్‌లోనూ మూడో రోజు నేనొక పని చేసేదాన్ని. అందరూ చూస్తుండగా వెనక గదిలోకి వెళ్లి, నడుస్తున్న సర్వర్ కేబుల్ పీకేసేదాన్ని. తెర మీద లెక్క ఒక్క క్షణం తడబడి, మళ్లీ ఏమీ జరగనట్టు నడిచేది. చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లు నాకు ఇష్టం.

ఆ డిసెంబరులో నాచారం పారిశ్రామికవాడ నుంచి ఒక ల్యాబ్ వాళ్లు వచ్చారు. పుట్టిన పిల్లల మడమ దగ్గర సూదితో గుచ్చి, రెండు మూడు రక్తపు చుక్కలు ఒక అట్టముక్క మీద తీసుకుని పరీక్ష చేసే ల్యాబ్ అది. బోడుప్పల్, చెంగిచెర్ల, ఘట్‌కేసర్, దమ్మాయిగూడ, ఇలా ఈ వైపున్న చిన్న చిన్న నర్సింగ్ హోమ్‌లన్నీ అట్టముక్కలు వాళ్లకే పంపేవి. పుట్టుకతో వచ్చే కొన్ని జబ్బులు మొదటి రెండు మూడు వారాల్లో బయటపడితే చిన్న మాత్రతో అదుపులోకి వస్తాయి. ఆలస్యమైతే రావు. పని అంత సున్నితమైనది కాబట్టి వాళ్లు ఖరీదైన క్లస్టర్ పెట్టుకున్నారు, స్టాండ్‌బై కూడా. దాన్ని చూసుకునే ముగ్గురికి ఆరు రోజుల శిక్షణ కావాలన్నారు.

ఆ ముగ్గురిలో ఇద్దరు కొత్తగా చేరిన ఇంజినీర్లు. మూడో మనిషి యాదగిరి. నలభై దగ్గర పడుతున్న వయసు, జనగామ వైపు మనిషి. యూపీఎస్‌లు బాగుచేసే పనితో ఆ ల్యాబ్‌లో చేరి, కంప్యూటర్లు చూస్తూ, చివరికి డేటాబేస్ దాకా వచ్చాడు. ఇంగ్లీషు పుస్తకం చదవడం కష్టమయ్యేది. అందుకని నేను చెప్పిన ప్రతి మాటా తెలుగులో రాసుకునేవాడు.

నాలుగో రోజు అతను లేచి నిలబడ్డాడు.

"మేడం, ఒక మాట అడుగుత, ఏమనుకోకున్రి. ఒక నోడ్‌ల రాసింది రెండో నోడ్‌ల గూడ కనబడ్తది. స్టాండ్‌బైకి గూడ పోతది. మంచిగనే ఉన్నది. గని మనమే తప్పు రాస్తే? తప్పు గూడ అన్ని దిక్కుల పోతదా?"

"పోతుంది యాదగిరీ. క్షణంలో పోతుంది. తప్పుకీ ఒప్పుకీ దానికి తేడా తెలియదు."

"మరి గప్పుడెట్ల?"

"అప్పుడు బ్యాకప్ ఒక్కటే దిక్కు. దాన్నుంచి డేటా వెనక్కి తెచ్చుకోవాలి. ఆరో రోజంతా అదే. మీ ల్యాబ్ బ్యాకప్‌నే ఒక కాపీ తెప్పించి, ఇక్కడ మీ చేత రిస్టోర్ చేయిస్తాను."

"గదే అసలు సంగతి గదా మేడం," అంటూ కూర్చున్నాడు.

అయిదో రోజు మధ్యాహ్నం ఆ ల్యాబ్ మేనేజర్ ప్రభాకర్ గారు ఫోన్ చేశారు. సౌమ్యంగా మాట్లాడే మనిషి. "మేడం, రేపు మాకు ఆడిట్ ఉన్నది. గుర్తింపు ఇచ్చేటోళ్లు వస్తున్నరు. స్టాఫ్ అందరు ఉండాలె. ఇయ్యాల్టితో ముగించి సర్టిఫికెట్లు ఇచ్చేస్తరా? వాళ్లకు చూపెట్టాలె."

"ఇంకా రిస్టోర్ మిగిలిపోయింది సార్. అదే ముఖ్యం."

"అది మా సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు చూసుకుంటరు మేడం. జర్ర అడ్జస్ట్ కావాలె. మిగిలిన ఒక్క రోజు తర్వాత పెట్టుకుందాం."

ఆ తర్వాత అనే రోజు రాదని నాకు తెలుసు. అయినా సరే అన్నాను. సర్టిఫికెట్ మా దగ్గర ముందే అచ్చువేసి ఉంటుంది. అందులో నేర్పిన అంశాల వరుస ఉంటుంది, అయిదో అంశం బ్యాకప్, రికవరీ. ఆ అంశాన్ని కొట్టేసి సంతకం చేయొచ్చు. కానీ అచ్చువేసిన కాగితం మీద కొట్టివేత బాగుండదనిపించింది. ముగ్గురివీ వరుసగా పెట్టుకుని సంతకాలు చేశాను. ఫోటో దిగాం. వెళ్లేటప్పుడు యాదగిరి మెట్ల దగ్గర ఆగి, "ఆ ఒక్క రోజు నన్ను ఎప్పుడు పిలిచినా వస్త మేడం," అన్నాడు. పిలుస్తానన్నాను. పిలవలేదు. కొత్త బ్యాచ్ మొదలైంది.

తర్వాతి మార్చిలో ఒక గురువారం పొద్దున, పదకొండు గంటలప్పుడు, నేను క్లాసులో ఉండగా యాదగిరి ఫోన్ చేశాడు. గొంతు గుర్తుపట్టలేకపోయాను.

"మేడం, డేటా పోయింది. రెండు టేబుళ్లు ఖాళీ అయినయ్."

అసలు జరిగింది ఇది. సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు ఒక స్క్రిప్టు, అంటే వరుసగా నడిచే ఆదేశాల ఫైలు, మెయిల్‌లో పంపారు. రెండుసార్లు నమోదైన పేర్లు తీసేయడానికి అది. మేనేజర్ వెంటనే నడపమన్నారు. యాదగిరి నడిపాడు. తమ దగ్గర పరీక్షకు వాడిన స్క్రిప్టును మార్చకుండా పంపేశారు వాళ్లు. మొదటి రెండు లైన్లలోనే పిల్లల నమోదు పట్టిక, ఫలితాల పట్టిక, ఈ రెండు టేబుళ్లనూ పూర్తిగా ఖాళీ చేసే ఆదేశాలున్నాయి. ఒక్క క్షణంలో అయిపోయింది. రెండో నోడ్‌లో చూశాడు, అక్కడా ఖాళీ. స్టాండ్‌బైలో చూశాడు, అక్కడా ఖాళీ. క్లస్టర్ మాత్రం చక్కగా నడుస్తూనే ఉంది. ఏ తెర మీదా ఎర్ర దీపం లేదు.

క్లాసుకు సెలవిచ్చి ఆటో ఎక్కాను. నాచారం చేరేసరికి సర్వర్ గదిలో యాదగిరి నేల మీద కూర్చుని ఉన్నాడు. నా క్లాసులో తెలుగులో రాసుకున్న పుస్తకం ముందు తెరిచి ఉంది.

ప్రతి ఆదివారం పూర్తి బ్యాకప్ తీస్తారు. ఆదివారం నుంచి గురువారం దాకా జరిగినవి ఆర్కైవ్ లాగ్‌లలో ఉంటాయి. డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పూ ముందు లాగ్‌లో రాయబడుతుంది. ఆదివారం బ్యాకప్ వెనక్కి తెచ్చి, దాని మీద ఈ లాగ్‌లను వరుసగా నడిపిస్తే తప్పు జరిగిన ముందు నిమిషం దాకా అన్నీ తిరిగి వస్తాయి. అయితే క్లస్టర్‌లో ఏ నోడ్ లాగ్‌లు ఆ నోడ్ రాస్తుంది. రెండింటి లాగ్‌లూ ఉంటేనే కథ ముందుకు నడుస్తుంది. మొదటి నోడ్ లాగ్‌లు బ్యాకప్‌లో ఉన్నాయి. రెండో నోడ్ లాగ్‌లు లేవు. అవి ఆ సర్వర్ సొంత డిస్కులోకి వెళుతున్నాయి. ఆ డిస్కు చిన్నది. నిండిపోతోందని ఎవరో ఎప్పుడో ఒక ఏర్పాటు చేశారు, రోజు దాటిన లాగ్‌లు వాటంతటవే చెరిగిపోయేలా. బ్యాకప్ మాత్రం రోజూ విజయవంతం అని మెయిల్ పంపుతూనే ఉంది.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి రిస్టోర్ చేసి చూసుంటే ఇది గంటలో బయటపడేది. ఆరో రోజు మా హాల్లో బయటపడేది.

శుక్రవారం సాయంత్రం దాకా నాకు తెలిసినవన్నీ చేశాను. చెరిగిపోయిన ఫైళ్లు వెలికితీసేవాళ్ల దగ్గరికి ఆ డిస్కు పంపాం. వాటి మీద కొత్త ఫైళ్లు పడిపోయాయి, ఇక రావు అన్నారు. ఆదివారం వరకు వచ్చింది. సోమ, మంగళ, బుధ, గురువారాలు పోయాయి.

అప్పుడు వచ్చింది డాక్టరమ్మ. ల్యాబ్‌లో ఫలితాలు చూసి సంతకం చేసే పెద్దావిడ. పరీక్ష యంత్రంలోనే కొన్ని రోజుల ఫలితాలు ఉంటాయని ఆమెకు గుర్తొచ్చింది. ఆ కాగితాలు తీయించి చూసి, కుర్చీలో కూలబడింది.

"ఇద్దరికి థైరాయిడ్ గ్రంథి పనిచేయడం లేదు. టీఎస్‌హెచ్ అంకెలు చాలా ఎక్కువున్నాయి. ఈ వారంలో మందు మొదలవ్వాలి."

"ఎవరండీ వాళ్లు?" అన్నాను.

ఆమె కాగితం నా వైపు తిప్పింది. బార్‌కోడ్ నెంబర్లు తప్ప ఏమీ లేవు. ఒకప్పుడు అట్టముక్క మీదే తల్లి పేరు, ఫోన్ నెంబరు చేత్తో రాసేవారట. కాగితం పని తగ్గించడానికి ఏడాది క్రితం అది మానేశారు. అట్టముక్క మీద బార్‌కోడ్ స్టిక్కరు మాత్రమే అతికించి, పేరూ ఊరూ నర్సింగ్ హోమ్‌లోని ట్యాబ్‌లో నేరుగా డేటాబేస్‌లోకి ఎక్కిస్తున్నారు. ఆ నమోదులే పోయాయి. ఇద్దరు పసిపిల్లలకు జబ్బుందని మా చేతిలో కాగితం చెబుతోంది. ఆ పిల్లలెవరో చెప్పే మనిషి లేడు.

దారి చూపింది యాదగిరే. స్టిక్కర్ల చుట్టలు ఏ నర్సింగ్ హోమ్‌కు ఏ వరుస ఇచ్చారో స్టోర్ రిజిస్టరులో ఉంటుందన్నాడు. చూశాం. ఒక నెంబరు ఘట్‌కేసర్‌ది. ఆ నర్సింగ్ హోమ్‌లో ఆ రోజుల్లో ముగ్గురే పుట్టారు. ముగ్గురినీ పిలిపించి మళ్లీ పరీక్ష చేస్తే మర్నాటికి ఆ బిడ్డ దొరికింది. ఆ బిడ్డకు ఆ రోజే మందు పడింది. ఇప్పుడు ఈడు పిల్లల్లాగే పరుగులు తీస్తోంది.

రెండో నెంబరు చెంగిచెర్లది. అక్కడ తొమ్మిది మంది. కాన్పుల రిజిస్టరులో తల్లుల పేర్లు, ఫోన్ నెంబర్లు ఉన్నాయి. ఎనిమిది మంది వచ్చారు. ఎనిమిది మంది పిల్లలూ బాగున్నారు. ఒక్కో ఫలితం వస్తున్నప్పుడు అమ్మయ్య అనుకోవాల్సింది పోయి, మిగిలిన పేర్లు లెక్కపెట్టుకునేదాన్ని. మిగిలింది తొమ్మిదో పేరు. రేణుక, ఆడబిడ్డ. ఫోన్ స్విచాఫ్.

ఆ రిజిస్టరులో రాసిన చెంగిచెర్ల ఇంటికి యాదగిరి వెళ్లాడు. కిరాయి ఇల్లు ఖాళీ. "పెయింట్ పని జేస్తడు ఆమె మొగడు, శ్రీశైలం. కాన్పయినంక ఇల్లు ఖాళీ జేసిన్రు. తల్లిగారింటికి పోయినట్టున్నది, ఆలేరు దిక్కు ఏదో ఊరు," అని ఇంటామె చెప్పింది. నర్సింగ్ హోమ్‌లో ఇచ్చిన ఆధార్ కాగితం మీద నాచారంలో అంతకు ముందున్న ఇంటి చిరునామా. అక్కడివాళ్లకూ ఊరు పేరు తెలియదు.

పత్రికలో ప్రకటన వేయమని డాక్టరమ్మ అడిగింది. ప్రభాకర్ గారు ఒప్పుకోలేదు. "ల్యాబ్ పేరు ఏమైతది మేడం? ఫోన్లు జేస్తున్నం గదా. మెసేజులు పెడ్తున్నం." ఆమె రెండుసార్లు గట్టిగా వాదించింది. మూడోసారి రాజీనామా ఇచ్చింది.

పది రోజుల తర్వాత విచారణ అని నన్ను పిలిచారు. పొడుగాటి బల్ల, నలుగురైదుగురు పెద్దలు. బల్ల చివర యాదగిరి. ప్రభాకర్ గారు ఒక ప్లాస్టిక్ కవర్లోంచి సర్టిఫికెట్ తీసి నా ముందు పెట్టారు.

"ఈ సంతకం మీదే గదా మేడం?"

"నాదే."

"బ్యాకప్, రికవరీ అని రాసున్నది. నేర్పిన్రా?"

నేర్పలేదు. ఆ మాట ఒక్కటి అంటే చాలు. మీరే ఆ రోజు వద్దన్నారు అని గుర్తుచేస్తే చాలు. కానీ నేర్పకుండా సంతకం పెట్టారా అనే తర్వాతి ప్రశ్న నాకు కనిపించింది. అప్పటివరకు నేనిచ్చిన సర్టిఫికెట్లన్నీ కనిపించాయి.

"పరిచయం చేశాను," అన్నాను.

యాదగిరి నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఇంకేదైనా చెబుతానేమో అని చూశాడంతే. నేను నీళ్లగ్లాసు అందుకున్నాను.

శిక్షణ పొందిన ఉద్యోగి నిర్లక్ష్యం అని రాసి, ఆ వారమే అతన్ని తీసేశారు. రెండు వారాలు నిద్ర సరిగా పట్టక, చివరికి ఉన్నదున్నట్టు రాసి ల్యాబ్‌కు మెయిల్ పంపాను. ఆరో రోజు జరగలేదనీ, సంతకం తప్పు నాదేననీ. జవాబు రాలేదు. విచారణ ముగిసిందని ఫోన్లో ఒకమ్మాయి చెప్పింది.

యాదగిరి మల్లాపూర్‌లో ఒక బ్యాటరీల దుకాణంలో చేరాడని తెలిసి వెళ్లాను. నన్ను చూడగానే స్టూలు జరిపి, తుడిచి వేశాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "నేను ఆ రోజు చెప్పి ఉండాల్సింది," అన్నాను.

"ఇడిసిపెట్టున్రి మేడం. స్క్రిప్టు నడిపింది నేనే గదా. సదివి నడిపితే దొరుకుతుండె. రెండు లైన్లే."

"నేను నేర్పలేదు యాదగిరీ."

"నేర్పలే. గని నేను గూడ మళ్ల అడగలే. మీరు బిజీ ఉన్నరనుకున్న." కాసేపు బ్యాటరీ తీగలు సర్దాడు. "నాకు ఉద్యోగం ఫికర్ లేదు మేడం. ఆ బిడ్డనే మనసుల మెదుల్తది. ఇయ్యాల్టికి యాభై రెండు రోజులాయె."

రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

ప్రతి ఆదివారం అతను బైక్ మీద తిరుగుతున్నాడని అప్పుడే తెలిసింది. నేనూ కొన్ని వారాలు వెళ్లాను. పెయింట్ దుకాణాల దగ్గర ఆగి, శ్రీశైలం అనే పెయింటర్ తెలుసా అని అడిగేవాళ్లం. బోడుప్పల్‌లో ఇద్దరు శ్రీశైలాలు దొరికారు, ఇద్దరూ కాదు. ఆలేరు దాకా వెళ్లి ఆశా వర్కర్లను అడిగాం. బస్తీ దవాఖానాల్లో, టీకాలు వేసే నర్సులకు ఒక చీటీ ఇచ్చేవాడు యాదగిరి. చేత్తో రాసిన చీటీ. తల్లి రేణుక, తండ్రి శ్రీశైలం, ఆడబిడ్డ, పుట్టిన తేదీ, కింద తన నెంబరు. వస్తే ఫోన్ చేయమని బతిమాలేవాడు. ఒక నర్సు విసుక్కుంది. "ల్యాబోళ్లు మీరెందుకు తిరుగుతున్నరు? వాళ్లకు మనుషులు లేరా?"

"నేను ల్యాబోన్ని గాదమ్మా ఇప్పుడు," అన్నాడు.

ఆగస్టులో ఫోన్ వచ్చింది. చెంగిచెర్ల వైపు దవాఖానా నుంచి. తల్లి పుట్టింటి నుంచి తిరిగొచ్చి, బిడ్డకు మిగిలిపోయిన టీకా వేయించడానికి తెచ్చింది. నర్సు గోడకు అతికించిన చీటీ చూసింది. మేమిద్దరం వెళ్లేసరికి ఆమెను కూర్చోబెట్టి ఉంచారు.

రేణుకకు ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. ఒళ్లో బిడ్డ. అయిదు నెలల బిడ్డ అంటే నమ్మలేం. ముఖం ఉబ్బి, నాలుక కొంచెం బయటికి, కళ్లు సగం మూసుకుని, ఎటూ చూడకుండా పడుకుని ఉంది. నేను డాక్టర్ను కాదు. అయినా తెలిసిపోయింది.

"మా బిడ్డకు ఏమైందని పిలిచిన్రు మేడం?" అంది రేణుక. "మంచిగనే ఉంటది. ఏడ్వనే ఏడ్వదు. పాలు తాగి పండుకుంటది. మా అమ్మ అందరికి చెప్తది, గిసుంటి బుద్ధిమంతురాలిని నేను సూడలే అని."

ఏడవకపోవడమే ఆ జబ్బు లక్షణమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కాన్పప్పుడు ఇచ్చిన కాగితంలో, వారంలో ల్యాబ్ నుంచి ఫోన్ రాకపోతే బిడ్డ బాగున్నట్టే అని అచ్చువేసి ఉంది. పుట్టింట్లో సిగ్నల్ సరిగా లేక పాత సిమ్ తీసి వేరేది వేసుకుంది. దాచుకున్న ఆ కాగితాన్ని సంచిలోంచి తీసి చూపించింది కూడా.

యాదగిరి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. మొత్తం చెప్పాడు. స్క్రిప్టు, టేబుళ్లు అనలేదు. "మీ బిడ్డ పేరు మా మిషన్ల ఉండె అమ్మా. నా చేతులతోని పోయింది. మిమ్మల్ని ఎతుకుతనే ఉన్న." చెబుతూ చెబుతూ తల వంచేశాడు. నేను పక్కన నిలబడి, అది సగం మాత్రమే నిజమని, మిగతా సగం తప్పు నాదని చెప్పాను. మాటలు సరిగ్గా వచ్చాయో లేదో తెలియదు.

రేణుక మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తిట్టలేదు. ఆమెకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. ఒకటే అడిగింది.

"ఆ అట్టముక్క మీదనే నా పేరు రాసుకుంటే అయిపోతుండె గదా మేడం?"

రెండు నోడ్‌లు, స్టాండ్‌బై, చల్లటి గది, పద్నాలుగేళ్ల అనుభవం. ఆమె సంచి నేనందుకుని, ఆటో పిలిచాను.

రాజీనామా చేసిన డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్లాం. ఆ సాయంత్రమే మాత్రను పొడి చేసి పాలల్లో కలిపి మొదలుపెట్టించింది. ఎదుగుదల వస్తుందంది. ముఖం ఉబ్బు పోతుందంది. తల్లి బయటికి వెళ్లాక, మొదటి నెలల్లో మెదడుకు అందాల్సింది అందలేదనీ, అది వెనక్కి రాదనీ చెప్పింది. "రిస్టోర్ అంటారు కదా మీరు," అంది నాతో. వెటకారంగా అనలేదు. ఇంకో మాట దొరక్క అంది.

శ్రీశైలం ఒకసారి ల్యాబ్‌కు వెళ్లాడు. గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి పంపలేదు. ఫిర్యాదు రాయించడానికి నేను తోడు వెళ్తానన్నాను, రెండుసార్లు వెళ్లాం కూడా. మీ బిడ్డ నమూనా తీసుకున్నట్టు ఆధారం ఏదని అడిగారు. పేరున్న నమోదు లేదు కదా. నేనూ యాదగిరీ మా పేర్లు ఇచ్చి, సాక్ష్యం చెబుతామన్నాం. ఆ కాగితాలు ఇప్పటికీ ఎక్కడో ఉన్నాయి. కూలి పని మానుకుని ఇన్నిసార్లు తిరగలేనని శ్రీశైలం ఊరుకున్నాడు. ల్యాబ్ నడుస్తూనే ఉంది. గుర్తింపు కూడా వచ్చింది.

యాదగిరి మళ్లీ డేటాబేస్ ముట్టలేదు. నేను రెండు చోట్ల ఉద్యోగం చూశాను. ఒకచోట రమ్మన్నారు కూడా. "వద్దు మేడం. కీబోర్డు మీద చెయ్యి పెడ్తే ఎంటర్ నొక్క బుద్ధి కాదు," అన్నాడు. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో అంత శ్రద్ధగా నేర్చుకున్న మనిషి ఇంకొకరు లేరు.

నా పాఠం మార్చాను. ఇప్పుడు మొదటి రోజే రిస్టోర్. ఎవరి బ్యాకప్ వాళ్లు తెచ్చుకుని, నా ముందు వెనక్కి తెచ్చి చూపించేదాకా క్లస్టర్ మాట ఎత్తను. కేబుల్ పీకే ఆట మానేశాను. చేయించని అంశాన్ని సర్టిఫికెట్ మీద నా చేత్తో కొట్టేసి ఇస్తాను. కంపెనీలకు ఇది నచ్చదు. కొట్టివేతలు లేని కాగితం ఇచ్చే కేంద్రాలు ఇదే రోడ్డులో ఉన్నాయి, అక్కడికి వెళ్తారు. ఈ ఏడాది బ్యాచ్‌లో అయిదుగురే ఉన్నారు. దీన్ని ప్రాయశ్చిత్తం అని నేను అనుకోవడం లేదు. ఆలస్యంగా వచ్చిన బుద్ధి ఎవరికీ పనికిరాలేదు.

మొన్న చెంగిచెర్ల వెళ్లాను. పాపకు రెండేళ్లు దాటాయి. గోడకు ఆనుకుని కూర్చుంటుంది. నడవదు, మాట లేదు. రేణుక ఎదురుగా కూర్చుని గిలక్కాయ ఊపింది. పాప కదల్లేదు. మళ్లీ ఊపింది. చాలాసేపటికి ఆ చిన్న తల మెల్లగా ఇటు తిరిగింది.

"సూసిన్రా మేడం? తిరిగింది! పోయిన నెల తిరగలే," అంది రేణుక, ముఖం వెలిగిపోతూ.

"చూశాను," అన్నాను.

పక్కింటి పిల్ల, ఈ పాప కన్నా చిన్నది, గుమ్మంలోంచి పరిగెత్తుకుంటూ లోపలికొచ్చి, గిలక్కాయ లాక్కుని, కేరింతలు కొడుతూ వెళ్లిపోయింది. రేణుక దాని వెనకే చూస్తూ ఉండిపోయింది. నా వృత్తి నాకు నేర్పింది ఏమిటని ఎవరైనా అడిగితే, ఆ చూపు గుర్తొస్తుంది. తెర మీది ఒక్కో వరుస వెనకా ఒక మనిషి ఉంటాడని నేను ప్రతి బ్యాచ్‌కూ చెప్పేదాన్ని. చెప్పడమే తప్ప, దాన్ని నమ్మి ఒక రోజు కూడా కేటాయించలేదు.